పాత క్రెడిట్ కార్డు బాకీ: మాట్లాడే ముందు తేదీ చూసుకోండి

ఊళ్లలో ప్రోనోటు రాసి అప్పు తెచ్చుకున్నవాళ్లకు ఒక లెక్క ఎవరూ నేర్పకుండానే తెలుసు. నోటుకు ఆయుష్షు మూడేళ్లు. ఆ లోపు ఎంతో కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు వేయించుకుంటే మరో మూడేళ్లు నడుస్తుంది, లేకపోతే కాలదోషం పడుతుంది, అంటే దావా వేసే గడువు దాటిపోతుంది. మూడో ఏడు నిండవస్తుంటే అప్పిచ్చినాయన ఇంటికొచ్చి "ఓ వెయ్యన్నా ఇచ్చి సంతకం పెట్టు" అని అరుగు మీద కూర్చునేది అందుకే. క్రెడిట్ కార్డు బాకీకి వర్తించేదీ అదే 1963 నాటి లిమిటేషన్ చట్టం. కార్డు ఆగిపోయి రెండున్నరేళ్లు దాటాక ఫోన్ చేసి "సార్, ఇవాళ ఓ ఐదొందలు వేయండి చాలు, ఫైలు పక్కన పెట్టిస్తా" అనే రికవరీ కుర్రాడికి ఈ లెక్క తెలిసినా తెలియకపోయినా, అతనితో ఆ మాట అనిపించేవాళ్లకు బాగా తెలుసు.

అందుకే పాత కార్డు గురించి ఫోన్ రాగానే మొదట చేయాల్సింది వాదించడమూ కాదు, బతిమాలుకోవడమూ కాదు. చివరిసారి ఎప్పుడు డబ్బు కట్టారో ఆ తేదీ పట్టుకోవాలి. అది తెలిసేదాకా ఏమీ ఒప్పుకోవద్దు, ఏమీ కట్టవద్దు, దేని మీదా సంతకం పెట్టవద్దు.

తేదీ దొరికే చోటు క్రెడిట్ రిపోర్టు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీయండి, ఒకదానిలో లేని ఖాతా ఇంకోదానిలో కనిపిస్తుంది. స్కోరును పక్కన పెట్టి నేరుగా ఆ కార్డు ఖాతా దగ్గరకు వెళ్లండి. అక్కడ "డేట్ ఆఫ్ లాస్ట్ పేమెంట్" అని ఒక గడి ఉంటుంది. దాని చుట్టుపక్కలే రిటెన్ ఆఫ్ మొత్తం, అంటే ఇక రాదని బ్యాంకు తన పుస్తకాల్లో కొట్టేసుకున్నది ఎంత, అందులో అసలు ఎంత అని విడివిడిగా కనిపిస్తాయి. కింద నెలనెలా గడుల్లో 30, 60, 90 అంటూ గడువు దాటిన రోజులు పెరుగుతూ పోతాయి. ఖాతాదారు సంస్థ పేరు మారి ఏదైనా ఏఆర్‌సీ, అంటే బ్యాంకుల మొండి బకాయిలు కొనే కంపెనీ కనిపిస్తే మీ బాకీని బ్యాంకు అమ్మేసిందని అర్థం. ఆ పేజీని ప్రింటు తీసి పెట్టుకోండి. మీ బ్యాంకు స్టేట్‌మెంటులో చివరి చెల్లింపు తేదీతో పోల్చండి. రెండూ కలవకపోతే మీ స్టేట్‌మెంటే మీకు సాక్ష్యం.

ఇక మూడేళ్ల లెక్క. బకాయి పడ్డ నాటి నుంచి మూడేళ్లలోపు దావా వేయాలన్నది మూల సూత్రం. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్న దాని మీద కోర్టులో వాదనలు నడుస్తాయి. చివరి చెల్లింపు నుంచి అని మీ వకీలు అంటే, కార్డు రద్దు చేసి మొత్తం కట్టమని నోటీసిచ్చిన రోజు నుంచి అని బ్యాంకు వకీలు అంటాడు. కాబట్టి మూడేళ్లు నిండి వారమే అయితే ధీమా పడవద్దు.

ఈ లెక్కలో చాలామంది మరిచిపోయేవి రెండున్నాయి. ఒకటి కోవిడ్. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గడిచిన కాలాన్ని లిమిటేషన్‌లో కలపకూడదని సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఉత్తర్వు ఇచ్చింది. 2019 జూన్ 10న బకాయి పడ్డ కార్డును తీసుకోండి. మామూలుగా అయితే 2022 జూన్‌లో గడువు ముగియాలి. కానీ 2020 మార్చి నాటికి గడిచింది తొమ్మిది నెలల చిల్లరే. మిగిలిన రెండేళ్ల రెండు నెలల పైచిలుకు 2022 మార్చి 1 నుంచి నడిచి 2024 మే చివరిదాకా వస్తుంది. రెండోది విదేశీ నివాసం. ఇదే చట్టంలో 15వ సెక్షన్ ప్రకారం ప్రతివాది భారతదేశంలో లేని కాలాన్ని మూడేళ్ల లెక్కలో కలపరు. హైదరాబాద్‌లో కార్డు వదిలేసి డల్లాస్‌లోనో దోహాలోనో ఆరేళ్లున్నాయన "ఎప్పుడో కాలదోషం పట్టింది" అనుకుంటే కుదరదు.

గడువు ఎలా కొత్తదవుతుందో కూడా తెలిసుండాలి. మూడేళ్లు నిండకముందే బాకీ ఉన్నానని రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు, ఇది 18వ సెక్షన్. గడువులోపు కొంత కట్టి, ఆ చెల్లింపు మీ చేతిరాతలోనో సంతకంతోనో నమోదైతే మళ్లీ మూడేళ్లు, ఇది 19వ సెక్షన్. కాగితం మీద సంతకమే కానక్కర్లేదు, ఈమెయిల్‌ను కూడా రాతపూర్వక ఒప్పుకోలుగా కోర్టులు తీసుకున్న సందర్భాలున్నాయి. "ఉద్యోగం పోయింది, వచ్చే నెల తప్పక కడతాను" అని జాలి కోసం పెట్టిన మెయిలే రేపు వాళ్ల దావాకు ఆధారం అవుతుంది. మూడేళ్లు నిండిపోయాక వేసిన ఐదొందలు ఆ గడువును తిరిగి బతికించవు. అయితే కాలదోషం పట్టిన బాకీని కూడా తీరుస్తానని రాసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందం అవుతుందని కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ మూడో క్లాజు చెబుతోంది. పాత బాకీ మీద సెటిల్‌మెంట్ ఫారం పంపి "ఊరికే సంతకం పెట్టండి మేడమ్, డబ్బు తర్వాత చూద్దాం" అనడం వెనకున్నది ఇదే.

కాలదోషం పట్టిందంటే బాకీ మాయమైనట్టు కాదని కూడా చెప్పాలి. దావా వేసి వసూలు చేసే దారి మాత్రమే మూసుకుపోతుంది. మర్యాదగా అడిగే హక్కు వాళ్లకు ఉంటుంది. క్రెడిట్ రిపోర్టులో ఆ మరక ఉంటుంది. అదే బ్యాంకులో మీకు సేవింగ్స్ ఖాతానో ఫిక్స్‌డ్ డిపాజిట్టో ఉంటే అక్కడ పట్టే ప్రమాదమూ ఉంటుంది. దావా గడువు దాటిన బాకీకి తన దగ్గర హామీగా ఉన్న డిపాజిట్‌ను బ్యాంకు జమ వేసుకోవడం తప్పు కాదని సుప్రీంకోర్టు 1992లో పంజాబ్ నేషనల్ బ్యాంక్ కేసులో చెప్పింది. జీతం పడే ఖాతా బకాయి ఉన్న బ్యాంకులో ఉంటే వేరే బ్యాంకుకు మార్చుకోండి.

ఫోన్ దగ్గరకొద్దాం. ఏజెంటు మాట ఒక వరసలో నడుస్తుంది. మొదట పరామర్శ, తర్వాత తొందర, ఆ తర్వాత భయం. "మీ మీద ఎఫ్‌ఐఆర్ అయింది, సాయంత్రం నాలుగింటికి స్టేషన్ నుంచి వస్తున్నారు, అంతలోపు సగమన్నా కడితే నేను ఆపిస్తా." ఇందులో ఒక్క ముక్క నిజం కాదు. కార్డు బిల్లు కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, దానికి పోలీసులు అరెస్టు చేయరు. తప్పుడు పత్రాలతో కార్డు తీసుకోవడం, చెక్కు బౌన్సు కావడం వేరే సంగతులు. ఇంట్లో సామాను, బండి, ఇల్లు పట్టుకుపోతామన్నది కూడా బెదిరింపే. కార్డు అప్పు తాకట్టు లేని అప్పు, కోర్టు డిక్రీ, అంటే తీర్పు ఉత్తర్వు లేకుండా ఏ వస్తువు మీదా చేయి వేయలేరు.

జవాబు పొట్టిగా ఉండాలి. "మీ పేరు, ఏజెన్సీ పేరు, ఏ బ్యాంకు తరఫున చేస్తున్నారో చెప్పండి. ఆథరైజేషన్ లెటర్, ఖాతా స్టేట్‌మెంట్ మెయిల్ చేయండి. ఫోన్లో ఏమీ మాట్లాడను." అంతే, పెట్టేయండి. "అవునండీ, కట్టాలి గానీ..." అని మొదలుపెట్టకండి, ఆ కాల్ అటువైపు రికార్డు అవుతుంది. మీ వైపూ రికార్డు చేయండి. అతను పంపిన మెయిల్ బ్యాంకు డొమైన్ నుంచి కాకుండా మామూలు జీమెయిల్ నుంచి వస్తే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. కార్డు వెనకో బ్యాంకు వెబ్‌సైటులోనో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి, ఆ ఏజెన్సీకి ఈ ఖాతా అప్పగించారా అని అడగండి. బాకీ ఏఆర్‌సీ కొన్నదైతే, ఫలానా తేదీన బదిలీ అయిందని బ్యాంకు నుంచి లెటరు అడగండి. చేతులు మారినంత మాత్రాన మూడేళ్ల లెక్క మళ్లీ మొదలుకాదు.

స్టేట్‌మెంట్ ఎందుకు అడగాలంటే, చెబుతున్న అంకెలో అసలు ఎంతో చూడటానికి. నెలకు మూడున్నర శాతం వడ్డీ ఉన్న కార్డులో ₹40,000 నిలిచిపోతే ఆ నెల వడ్డీ ₹1,400, దాని మీద 18 శాతం జీఎస్టీ ₹252. అంటే లేటు ఫీజు కాకుండానే ₹1,652. ఇలా పెరిగి పెరిగి మూడు నాలుగేళ్లకు లక్షన్నర, రెండు లక్షలు అంటారు. 30 శాతం మించి వడ్డీ వేయకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును ఇప్పటికీ కొందరు వాట్సాప్‌లో తిప్పుతున్నారు. దాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 20న కొట్టేసింది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కట్టని ఫీజులు, పన్నుల మీద మళ్లీ వడ్డీ వేయకూడదన్న ఆర్‌బీఐ 2022 క్రెడిట్ కార్డు ఆదేశాలు మాత్రం మీకు పనికొస్తాయి. స్టేట్‌మెంటులో అలా వేసినట్టు కనిపిస్తే ఆ వరస కింద గీత గీసి బ్యాంకును అడగండి.

వేధింపు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. పల్లెలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి "మీ అబ్బాయి దొంగతనం చేసి పారిపోయాడు" అనడం, ఆఫీసులో హెచ్‌ఆర్‌కు చేయడం, ఎదురింటి వాళ్ల తలుపు తట్టి బాకీ సంగతి చెప్పడం, ఇవన్నీ జనం పరువుకు జడుస్తారని తెలిసి చేసే పనులు. ఆ సిగ్గుతోనే ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. మనసు అలాంటి దారి పడుతుంటే ముందు 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. ఏ బాకీ అయినా దాని తర్వాతే.

ఆర్‌బీఐ 2022 ఆగస్టు 12 నాటి సర్క్యులర్ ప్రకారం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కాల్స్ చేయకూడదు. అదే పనిగా చేయకూడదు, బెదిరించకూడదు, పేరు చెప్పకుండా చేయకూడదు. కుటుంబ సభ్యుల, స్నేహితుల, రెఫరెన్సుగా ఇచ్చినవాళ్ల జీవితాల్లోకి చొరబడకూడదు. ఇంటికొచ్చే ఏజెంటు దగ్గర గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్ ఉండాలని ఆర్‌బీఐ 2008లోనే చెప్పింది. అవి లేకపోతే గుమ్మం బయటే ఆపేయవచ్చు. ఏజెంటు చేసిన తప్పుకు బ్యాంకుదే బాధ్యత, "అది బయటి ఏజెన్సీ" అని తప్పించుకోలేదు.

ఫిర్యాదు ఏజెంటుకు కాదు, బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి వెళ్లాలి. మెయిల్‌లో ఆవేశం అక్కర్లేదు, ఆధారాలు కావాలి. ఇలా రాయండి: "ఫలానా తేదీన రాత్రి 8.40కి ఫలానా నంబరు నుంచి మీ ప్రతినిధినని చెప్పిన వ్యక్తి మా అమ్మగారికి ఫోన్ చేసి ఇలా అన్నారు. రికార్డింగ్ జత చేస్తున్నాను. మీరు చెబుతున్న బకాయిని ఈ ఉత్తరం ద్వారా నేను ఒప్పుకోవడం లేదు. ఏజెన్సీ వివరాలు, ఆథరైజేషన్ ప్రతి, ఖాతా మొదటి నుంచి స్టేట్‌మెంట్ పంపండి. ఇకపై రాతపూర్వకంగానే సంప్రదించండి." ఆ మూడో వాక్యం మరవకండి. ఫిర్యాదు తేలేదాకా ఆ ఖాతాను ఏజెన్సీకి పంపకూడదన్నది కూడా 2008 నాటి ఆదేశాల్లో ఉంది, దాన్నీ ఒక ముక్క ప్రస్తావించండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైటు అయిన సీఎంఎస్ పోర్టల్‌లో ఆన్‌లైన్లోనే పెట్టవచ్చు, రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. సందేహాలకు 14448. తిట్టడం, ఇంట్లోకి దూరడం, ఆడవాళ్లను అసభ్యంగా మాట్లాడటం దాకా వస్తే అది బ్యాంకు ఫిర్యాదుతో ఆగే విషయం కాదు. వెంటనే 112కు చేయండి, స్టేషన్లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

ఆఫీసుకు ఫోన్లు వెళ్తాయనిపిస్తే మీరే ముందుగా హెచ్‌ఆర్‌కు ఒక్క ముక్క చెప్పండి, ఒక సివిల్ వివాదం ఉంది, ఎవరైనా ఫోన్ చేస్తే వివరాలు ఇవ్వవద్దని. మీరు చెప్పాక ఏజెంటు చేతిలో బెదిరించడానికి ఏమీ మిగలదు. అమ్మానాన్నలకూ చెప్పి ఉంచండి. "మాకు సంబంధం లేదు బాబూ, బ్యాంకు నుంచి కాగితం పంపండి" అంటే చాలు. హామీ సంతకం పెడితే తప్ప తల్లిదండ్రులకూ భార్యాభర్తలకూ ఒకరి కార్డు బాకీ మరొకరికి అంటదు. కార్డుదారు చనిపోతే వారసులు తమకొచ్చిన ఆస్తి మేరకే జవాబుదారులు, సొంత జీతం లోంచి కట్టాల్సిన పని లేదు.

ఇప్పుడు కాగితాలు. వచ్చేవన్నీ ఒకటి కావు. వకీలు నోటీసు కోర్టు నోటీసు కాదు. అందులో ఎన్ని సెక్షన్లున్నా అది ఒక ఉత్తరమే, బాకీ ఒప్పుకోకుండా జవాబివ్వవచ్చు. లోక్ అదాలత్ పిలుపు నిజమైనదైనా, ఇంకా కేసు పడని దశలో వెళ్లకపోతే శిక్షేమీ ఉండదు. వెళ్లి రాజీ సంతకం పెడితే మాత్రం అది డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, కాబట్టి కట్టగల అంకెకే ఒప్పుకోండి. ఆర్బిట్రేషన్ నోటీసు వస్తే ఆర్బిట్రేటర్‌ను, అంటే కోర్టు బయట వివాదం తేల్చే మధ్యవర్తిని ఎవరు పెట్టారో చూడండి. బ్యాంకు తనంతట తాను ఒక్కణ్నే పెట్టుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో పర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పింది. ఆ అభ్యంతరం రాతపూర్వకంగా పెట్టండి. పట్టించుకోకుండా ఊరుకుంటే అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ తీర్పు వచ్చేస్తుంది, దాన్ని సవాలు చేయడానికి ఉండేది మూడు నెలలు, కారణం చూపితే ఇంకో 30 రోజులు.

కోర్టు సమన్లు మాత్రం అసలు వదలకూడదు. అవి అమీనా చేతనో రిజిస్టర్డ్ పోస్టులోనో దావా ప్రతితో కలిసి వస్తాయి. ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకూ ఉండే గుర్తింపు నంబరు కొడితే కేసు ఉందో లేదో తేలిపోతుంది. మామూలు దావాలో 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 37వ ఆర్డరు కింద వేసిన సమ్మరీ దావా అయితే 10 రోజుల్లోనే హాజరు నమోదు చేయాలి. అత్యంత బాధాకరమైన నష్టం ఇక్కడే జరుగుతుంది. కాలదోషం పట్టిన బాకీ మీద పడ్డ దావాను "ఇది కూడా దొంగ నోటీసే" అని మడిచి బీరువాలో పెడతారు. గడువు దాటిన దావాను ఎవరూ అడగకపోయినా కొట్టేయాలని లిమిటేషన్ చట్టం మూడో సెక్షన్ చెబుతున్నా, మీవైపు ఎవరూ లేనప్పుడు బ్యాంకు చూపిన తేదీలే రికార్డులో ఉంటాయి. మీరు లేకుండానే తీర్పు, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోతుంది. దాన్ని తీయించుకోవడానికి 30 రోజులే గడువు, అమలు చేసుకోవడానికి బ్యాంకుకేమో 12 ఏళ్లు.

డిక్రీ వచ్చినా జీతం మొత్తం పట్టరు. మొదటి ₹1,000, మిగిలిన దాంట్లో మూడింట రెండు వంతులు ముట్టకూడదు. ₹25,000 జీతంలో పట్టగలిగేది ₹8,000. అది కూడా ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలే. పీఎఫ్‌ను ముట్టలేరు.

కట్టే స్థోమత ఉంటే, గడువు ఇంకా మిగిలి ఉంటే, సెటిల్‌మెంట్ మంచి దారే. చేతిలో ఒకేసారి కట్టగల డబ్బు ఉన్నప్పుడే మాట మొదలుపెట్టండి. వాయిదాలకు తక్కువ తగ్గిస్తారు, ఒక్క వాయిదా తప్పినా ఒప్పందం రద్దయి పాత మొత్తమే నిలబడుతుంది. మొదటి అంకె వాళ్లనే చెప్పనివ్వండి. నెలాఖరుకు, ముఖ్యంగా మార్చి దగ్గర పడుతున్నప్పుడు టార్గెట్ల ఒత్తిడికి దిగుతారు. లెటరు చేతికొచ్చాకే డబ్బు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఖాతా నంబరు, ఒప్పుకున్న మొత్తం, ఆఖరి తేదీ, ఇది పూర్తి తుది చెల్లింపు అనీ మిగతాది వదులుకుంటున్నామనీ స్పష్టంగా ఉండాలి. కేసు ఉంటే వెనక్కి తీసుకుంటామని కూడా రాయించండి. డబ్బు కార్డు ఖాతాకో బ్యాంకు అధికారిక లింకుకో మాత్రమే పంపండి. ఏజెంటు సొంత యూపీఐకి వేసిన డబ్బు బాకీలో జమ కాదు.

ముందు తేదీ వేసిన చెక్కులు, ఖాళీ చెక్కులు అడిగితే ఇవ్వకండి. అవి బౌన్సయితే సివిల్ బాకీ కాస్తా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసవుతుంది, రెండేళ్ల దాకా శిక్ష ఉండే కేసు. ఖాతాలోంచి డబ్బు దానంతటదే వెళ్లేలా మీరిచ్చిన ఈసీఎస్ మాండేట్ తిరిగొచ్చినా దాదాపు అంతే.

గల్ఫ్‌లో కార్డు వాడి తిరిగొచ్చిన కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ వాళ్లకు ఒక మాట. 2020 జనవరి 17 నుంచి యూఏఈ కోర్టుల డిక్రీలను ఇక్కడి జిల్లా కోర్టులోనే అమలు చేయించుకునే వీలుంది. దుబాయ్ బ్యాంకు తరఫున ఇక్కడి ఏజెంటు ఫోన్ చేస్తే అక్కడ కేసు నడిచిందా, డిక్రీ ఉందా అని కాగితం అడగండి. డిక్రీ ఉంటే వకీలును కలవండి. లేకపోతే పైన చెప్పిన పొట్టి జవాబే.

సెటిల్ అయ్యాక ఎన్ఓసీ, అంటే ఇక బాకీ లేదన్న పత్రం తీసుకోండి. బాకీ ఏఆర్‌సీ చేతిలో ఉంటే ఎన్ఓసీ వాళ్లే ఇవ్వాలి, రిపోర్టులో పాత బ్యాంకు వరస కూడా సరిచేయించాలి. తగ్గించి కట్టినప్పుడు రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది. "క్లోజ్డ్" కావాలంటే వదిలేసిన మొత్తం కూడా కట్టి అడగాలి. గృహరుణం ఆలోచన ఉన్నవాళ్లు ఈ తేడాను ముందే లెక్కలో వేసుకోండి. రెండు నెలలు ఆగి రిపోర్టు మళ్లీ తీయండి. బాకీ గడిలో సున్నా లేకపోతే సిబిల్ సైటులో డిస్ప్యూట్ పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు ₹100 చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. ఎన్ఓసీ, సెటిల్‌మెంట్ లెటరు, చెల్లింపు రసీదు మూడూ స్కాన్ చేసి మెయిల్లో దాచుకోండి. మూసేసిన అదే ఖాతా మీద ఏళ్ల తర్వాత ఇంకో ఏజెన్సీ ఫోన్ చేయడం మామూలే, అప్పుడు ఆ మూడింటినీ బ్యాంకు నోడల్ అధికారికి ఫార్వర్డ్ చేస్తే సరిపోతుంది.